దిన గండం నూరేళ్ళ ఆయుష్షు: ఫుట్‌స్క్రే బుల్‌డాగ్స్ కథ

2024 డిసెంబర్ 28 గుర్తుందా? మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. మన వైజాగ్ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు. అవతలి ఎండ్‌లో బుమ్రా అవుటైపోయాడు. ఆఖరి బ్యాట్స్‌మన్‌గా మన హైదరాబాదీ సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి. స్టాండ్స్‌లో నితీష్ వాళ్ళ నాన్న చేతులు జోడించి నిలబడ్డాడు. ఇక్కడ మనం ఫోన్ చేతిలో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఏ దేవుడికి ఏం మొక్కుకున్నామో మనకే తెలీదు. సిరాజ్ ఆ మూడు బంతులూ ఆపాడు. తర్వాత ఓవర్‌లో నితీష్ ఫోర్ కొట్టాడు. ఇక్కడ అరుపులు, అక్కడ స్టాండ్స్‌లో ఆ నాన్న ఏడుపు.

ఆ మూడు బంతుల మధ్య మీ గుండెల్లో ఏముందో, దాన్ని 62 ఏళ్ళు సాగదీయండి. మూడు నిమిషాలు కాదు, 62 ఏళ్ళు. ఈ రోజు నేను చెప్పబోయేది అదే కథ. అదే గ్రౌండ్, కానీ క్రికెట్ కాదు. ఆస్ట్రేలియా వాళ్ళ సొంత ఫుట్‌బాల్. ఫుట్‌స్క్రే అనే ఒక కార్మికుల పేట, బుల్‌డాగ్స్ అనే ఒక జట్టు, ఆ జట్టుని నమ్ముకుని నాశనమైపోకుండా ఎలాగో బతికిన కొన్ని తరాల జనం.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. కోడిగుడ్డు ఆకారం బంతి. క్రికెట్ గ్రౌండంత పెద్ద మైదానం. ఒక్కో పక్క 18 మంది. నాలుగు క్వార్టర్లు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి కాలితో తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1 పాయింటు. అందుకే స్కోర్లు వంద దాకా పోతుంటాయి. ఇక్కడ మెల్‌బోర్న్‌లో కొత్తగా ఎవరైనా పరిచయమైతే, మన ఊళ్ళో "ఏ ఊరండీ మీది?" అని అడిగినట్టే, "నువ్వు ఏ జట్టు?" అని అడుగుతారు. ఏ జట్టూ కాదు అంటే జాలిగా చూస్తారు.

నేనుండేది టార్నీట్‌లో. మెల్‌బోర్న్‌కి పడమటి వైపు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, ఈ పేర్లు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి, ఎందుకంటే మీ అన్నో, అక్కో, మేనమామ కొడుకో ఇక్కడే ఎక్కడో ఇల్లు కట్టుకుని ఉంటారు. వీధిలో నడుస్తుంటే తెలుగు వినపడుతుంది, పోపు వాసన వస్తుంది. ఈ పడమటి వైపు మొత్తానికీ ఒకటే జట్టు. దాని పేరులోనే పడమర ఉంది: వెస్టర్న్ బుల్‌డాగ్స్. పాత పేరు ఫుట్‌స్క్రే.

అసలు ఫుట్‌స్క్రే అంటే ఏంటి? మెల్‌బోర్న్ సిటీ నుంచి మారిబిర్నాంగ్ నది దాటితే వచ్చే పేట. సిటీకి అక్కర్లేనివన్నీ ఆ నది అవతలికి తోసేశారు. కబేళాలు, తోళ్ళ శుద్ధి, రాతి క్వారీలు, ఎరువుల ఫ్యాక్టరీలు, మందుగుండు ఫ్యాక్టరీలు. ఆ వాసనని బట్టి జనాన్ని కూడా చిన్నచూపు చూశారు. ఇంకొంచెం పడమటికి పోతే సన్‌షైన్. అక్కడ కోత యంత్రాల ఫ్యాక్టరీ ఒకటుండేది. 1907లో దాని మీద నడిచిన కేసులోనే, ఒక కూలివాడు పెళ్ళాం పిల్లల్తో మనిషిలా బతకాలంటే ఎంత కావాలి అని కోర్టు లెక్కకట్టి, రోజుకి 7 షిల్లింగులు అని తేల్చింది. ఆస్ట్రేలియాలో కనీస వేతనం అనే ఆలోచన అక్కడి నుంచి పెరిగింది. అంటే ఈ పేటలకి పోట్లాడి తెచ్చుకోవడం కొత్త కాదన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్ద లీగ్‌లోకి కూడా వీళ్ళని తేలిగ్గా రానివ్వలేదు. 1924లో ఫుట్‌స్క్రే చిన్న లీగ్ ఛాంపియన్. ఆ ఏడు పెద్ద లీగ్ ఛాంపియన్ ఎసెండన్‌తో, యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల సహాయనిధి కోసం ఒక మ్యాచ్ పెడితే, ఫుట్‌స్క్రే వాళ్ళే గెలిచారు. మరుసటి ఏడు, 1925లో, ఇక తప్పక లోపలికి రానిచ్చారు. లోపలికి వచ్చాక మాత్రం కప్పు దక్కడానికి ఇంకో 29 ఏళ్ళు పట్టింది.

1954. ప్లేయర్-కోచ్ చార్లీ సట్టన్. ఫైనల్లో మెల్‌బోర్న్ జట్టు మీద 102–51. ప్రత్యర్థి స్కోరుకి సరిగ్గా రెట్టింపు. జాక్ కాలిన్స్ ఒక్కడే 7 గోల్స్. ఆ జట్టులో 21 ఏళ్ళ కుర్రాడు ఒకడు, పేరు టెడ్ విట్టెన్. ఆ రాత్రి ఫుట్‌స్క్రే వీధుల్లో ఎవరైనా "బాగా చూసుకోండి, ఇలాంటిది మళ్ళీ 62 ఏళ్ళకి గానీ రాదు" అని చెప్పుంటే తన్ని పంపేవారు.

టెడ్ విట్టెన్ గురించి ఆగి చెప్పాలి. మనకి ఎన్టీఆర్ ఎలాగో ఫుట్‌స్క్రేకి విట్టెన్ అలాగ అంటే అతిశయోక్తి అనుకోకండి. 1970 దాకా ఆడాడు, 321 మ్యాచ్‌లు, అప్పటికి అది లీగ్ రికార్డు. మధ్యలో 1961లో జట్టుని మళ్ళీ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. హాథార్న్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత ఆయన ఆడినన్నాళ్ళూ కాదు, బతికినన్నాళ్ళూ కూడా ఆ జట్టు ఇంకో ఫైనల్ చూడలేదు. 1995 జూన్‌లో, క్యాన్సర్‌తో చూపు పోయిన విట్టెన్‌ని కొడుకు పక్కన కూర్చోబెట్టి కార్లో ఎంసీజీ చుట్టూ తిప్పారు. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది, వెతికి చూడండి. ఆయనకి ఎవరూ కనపడరు, కానీ చెయ్యి ఊపుతూనే ఉంటాడు. ఇతర జట్ల అభిమానులు కూడా నిలబడి ఏడుస్తుంటారు. ఆగస్టులో పోయాడు. క్లబ్ గ్రౌండ్‌కి ఆయన పేరే పెట్టారు: విట్టెన్ ఓవల్.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. 1989.

అప్పటికి లీగ్‌కి ఒక కొత్త ఆలోచన వచ్చింది. మెల్‌బోర్న్ ఒక్క ఊళ్ళోనే ఇన్ని జట్లెందుకు? దేశమంతా టీవీలో చూసే లీగ్ కావాలి. 1982లోనే సౌత్ మెల్‌బోర్న్ అనే జట్టుని సిడ్నీకి తరలించేశారు. 1987లో పెర్త్ నుంచి, బ్రిస్బేన్ నుంచి కొత్త జట్లొచ్చాయి. ఇంట్లో అప్పుల్లో ఉన్న పాత జట్లు బరువైపోయాయి. 1989 అక్టోబర్ మొదట్లో, సీజన్ అయిపోయాక, ఒక వార్త వచ్చింది. ఫుట్‌స్క్రేని ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో జట్టుతో కలిపేస్తున్నాం. కొత్త పేరు ఫిట్జ్‌రాయ్ బుల్‌డాగ్స్. పేరులో ఫుట్‌స్క్రే లేదు. అభిమానుల్ని ఎవరూ అడగలేదు. రేడియోలో విన్నారు, పేపర్లో చదివారు.

మన హైదరాబాద్ వాళ్ళకి ఇది అర్థమవుతుంది. డెక్కన్ ఛార్జర్స్ గుర్తున్నారు కదా. 2008 ఐపీఎల్‌లో ఆఖరి స్థానం, 2009లో ఏకంగా కప్పు. గిల్‌క్రిస్ట్ కెప్టెన్. పాతాళం నుంచి ఆకాశానికి ఒక్క ఏడాదిలో. మూడేళ్ళు తిరిగేసరికి, 2012లో, బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. అంతే, జట్టు లేదు. ఆ కప్పు ఎవరిది ఇప్పుడు? సన్‌రైజర్స్‌ది కాదు. ఎవరిదీ కాదు. అప్పుడు మనం ఏం చేశాం? కొంచెం బాధపడ్డాం, కొత్త జెర్సీ కొనుక్కున్నాం. నేను తప్పు పట్టట్లేదు, నాలుగైదేళ్ళ జట్టు అది. అప్పటికి మనకి వేళ్ళు దిగలేదు.

ఫుట్‌స్క్రేకి వేళ్ళు దిగి వందేళ్ళు దాటింది. పీటర్ గోర్డన్ అని ఒక కుర్ర లాయరు, పడమటి పేట మనిషి, ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తులు పోయిన కార్మికుల తరఫున కేసులు నడిపిన ఆఫీసు ఆయనది. ఆయన ముందుకొచ్చాడు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అని ఒక మామూలు అభిమాని, ఆమె పేరు మీద సుప్రీం కోర్టులో కేసు వేశారు. ఆలోచించండి, ఒక వైపు లీగ్ మొత్తం, ఇంకో వైపు గ్యాలరీలో టికెట్ కొనుక్కుని కూర్చునే ఒకావిడ. కోర్టు విలీనాన్ని ఆపింది. గడువు దొరికింది, మూడు వారాలు. ఆ మూడు వారాల్లో 15 లక్షల డాలర్లు చూపించాలి. చూపించకపోతే జట్టు పోయినట్టే.

డబ్బు ఎక్కడుంది? కబేళాలు మూతపడుతున్నాయి, ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, ఉద్యోగాల్లేవు. అయినా జనం గ్రౌండ్‌లో సభ పెట్టారు. వేలమంది వచ్చారు. రేకు డబ్బాలు పట్టుకుని ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర, మార్కెట్లలో, పబ్బుల్లో, ఇంటింటికీ తిరిగారు. మా పక్కింటి పెద్దాయన, మాల్టా నుంచి వచ్చిన కుటుంబం, అప్పుడు ఫుట్‌స్క్రేలో ఉండేవాడు. ఆయన గ్యారేజ్‌లో ఆ రేకు డబ్బా ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు బిస్కెట్లది. పైన చిల్లర పట్టేంత సందు, చాకుతో కోసింది. నేను చేతిలోకి తీసుకుంటే, "జాగ్రత్త, చెయ్యి కోసుకుంటుంది" అన్నాడు. అంతకంటే ఏం చెప్పలేదు.

మూడు వారాల్లో డబ్బు వచ్చింది. జట్టు బతికింది. 1990లో, అంటే చచ్చిపోవాల్సిన మరుసటి ఏడు, ఆ జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. టోనీ లిబరటోరే అనే పొట్టి ఆటగాడు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ కొట్టాడు. ఈయన పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

మరి ఫిట్జ్‌రాయ్? వాళ్ళకి ఆ అదృష్టం లేదు. 1996 చివర్లో బ్రిస్బేన్‌తో కలిపేశారు. బ్రిస్బేన్ లయన్స్ అయ్యారు. ఆ లయన్స్ 2001, 2002, 2003 వరసగా మూడు కప్పులు కొట్టారు. ఇక్కడ నాకో ప్రశ్న. కప్పే కావాలంటే విలీనమే మంచిదా? లెక్క ప్రకారం చూస్తే ఫిట్జ్‌రాయ్ అభిమాని ఫుట్‌స్క్రే అభిమాని కంటే 15 ఏళ్ళ ముందు కప్పు చూశాడు. కానీ ఆ కప్పు వచ్చింది 1,700 కిలోమీటర్ల అవతలి ఊరికి. కొందరు పాత ఫిట్జ్‌రాయ్ వాళ్ళు సంతోషించారు, కొందరు అసలు ఆట చూడ్డమే మానేశారు. ఫుట్‌స్క్రే వాళ్ళు ఎంచుకున్నది కప్పు కాదు, ఎదురుచూపు. నాకైతే అది తెలివితక్కువ పని అనిపించదు. మీరు కామెంట్లలో చెప్పండి.

బతికారు గానీ, బతుకు మాత్రం దిన గండం నూరేళ్ళ ఆయుష్షే. 1996 చివర్లో పేరు మార్చుకోవాల్సొచ్చింది, ఫుట్‌స్క్రే పోయి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అయ్యింది. సొంత గ్రౌండ్‌లో పెద్ద మ్యాచ్‌లు ఆడ్డం 1997తో ఆగిపోయింది. ఇక సెమీఫైనల్ గండం. ఇక్కడ దాన్ని ప్రిలిమినరీ ఫైనల్ అంటారు, గెలిస్తే ఫైనలే. బుల్‌డాగ్స్ 1985లో ఓడారు, 1992లో ఓడారు, 1997, 1998, 2008, 2009, 2010. ఏడుసార్లు ఆ గడప దాకా వెళ్ళి ఏడుసార్లు వెనక్కి.

అందులో 1997 మాత్రం ఇప్పటికీ ఎవరూ పెద్ద గొంతుతో మాట్లాడరు. అడిలైడ్ మీద మంచి ఆధిక్యంలో ఉన్నారు, చివరి క్వార్టర్. మన లిబరటోరే ఒక షాట్ కొట్టాడు. గోల్ అనుకుని చేతులెత్తి గంతులేశాడు. అంపైర్ గోల్ కాదు అన్నాడు, 1 పాయింటే. చివరికి మ్యాచ్ పోయింది. ఎంత తేడాతో? 2 పాయింట్లు. నోటికాడి ముద్ద జారిపోవడం అంటే ఇది. అడిలైడ్ వాళ్ళు వెళ్ళి కప్పు కొట్టారు.

ఇలా ఏడు దెబ్బలు తిన్న అభిమాని ఎలా ఉంటాడో మా పక్కింటాయన్ని చూస్తే తెలుస్తుంది. జట్టు 40 పాయింట్ల ముందున్నా "ఇంకా అయిపోలేదు" అంటాడు. చివరి క్వార్టర్ మొదలైతే టీవీ దగ్గర కూర్చోడు. పెరట్లోకి వెళ్ళి టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తాడు, అప్పటికే పోసినవాటికి. నేను ఒకసారి గోడ మీంచి "ఈ సారి మనదే" అన్నాను. కళ్ళెర్రజేశాడు. ఇక్కడ వాళ్ళ భాషలో దానికి 'మొజ్' అని మాట ఉంది. ముందే గెలుస్తాం అంటే మొజ్ తగులుతుంది. మనం దిష్టి అంటాం కదా, అదే. ఎండుమిరపకాయలు తిప్పడం ఒక్కటే తక్కువ.

2014 చివరికి వద్దాం. జట్టు 18లో 14వ స్థానం. సీజన్ అయిపోగానే కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ నేను ఉండను అన్నాడు. సిడ్నీలో లీగ్ కొత్తగా పుట్టించిన జట్టు ఒకటుంది, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ, అక్కడికి పోతానన్నాడు. కోచ్ తప్పుకున్నాడు. ఇంకొందరు సీనియర్లు వెళ్ళిపోయారు. కెప్టెన్ లేడు, కోచ్ లేడు. గ్రిఫెన్‌కి బదులు వచ్చింది ఎవరు? టామ్ బాయ్డ్, 19 ఏళ్ళు, పట్టుమని పది మ్యాచ్‌లు ఆడని కుర్రాడు, ఏడేళ్ళకి దాదాపు 70 లక్షల డాలర్ల ఒప్పందం. పిచ్చి పట్టిందా అన్నారు. అప్పుడు క్లబ్ ప్రెసిడెంట్ ఎవరో తెలుసా? 1989 పీటర్ గోర్డన్. మళ్ళీ ఆయనే.

కొత్త కోచ్ ల్యూక్ బెవరిడ్జ్. అప్పటికి జనానికి పెద్దగా తెలియని పేరు. అమెచ్యూర్ లీగ్‌లో ఒక జట్టుని మూడేళ్ళలో మూడు మెట్లు ఎక్కించి మూడు కప్పులు గెలిపించినవాడు. కెప్టెన్ బాబ్ మర్ఫీ. 2000 నుంచీ ఇదే జట్టు, అభిమానులకి ఇంట్లో మనిషి. 2015లో అందరూ ఆఖరి స్థానం అనుకుంటే ఆరో స్థానం వచ్చింది. ఆట చూడ్డానికే ముచ్చటగా ఉండేది, చేతుల్తో బంతి తప్పించుకుంటూ, గల్లీల్లో పిల్లలు ఆడినట్టు. నాకౌట్‌లో 7 పాయింట్లతో ఓడిపోయారు. కానీ జనంలో ఒక ప్రమాదకరమైన వస్తువు మొలకెత్తింది. ఆశ.

నేను ప్రమాదకరం అని ఊరికే అనట్లేదు. జట్టు చెత్తగా ఆడుతున్నప్పుడు అభిమానిగా ఉండటం తేలిక. ఓడతారని తెలుసు, ఓడారు, వేడివేడిగా ఏదో తిని ఇంటికి పోతాం. బాగుపడుతున్న జట్టుతోనే కష్టం. పోగొట్టుకోడానికి ఏదో ఒకటి చేతికొస్తుంది.

2016 ఏప్రిల్‌లో మూడో మ్యాచ్. హాథార్న్‌తో. ఆఖరి నిమిషాల్లో బాబ్ మర్ఫీ మోకాలు పట్టుకుని కింద పడ్డాడు. లిగమెంట్ తెగింది. 33 ఏళ్ళు, సీజన్ అయిపోయింది. అదిగో, మళ్ళీ మొదలు, అనుకున్నారు అందరూ. ఆ ఏడంతా ఒకరి తర్వాత ఒకరు గాయాలు. అయినా ఈడ్చుకుంటూ ఏడో స్థానంలో నిలబడ్డారు.

ఏడో స్థానం అంటే ఏంటో చెప్పాలి. అప్పట్లో 18 జట్లలో పై 8 ప్లేఆఫ్స్‌కి వెళ్ళేవి. మొదటి నాలుగు స్థానాల వాళ్ళకి ఒకసారి ఓడినా ఇంకో ఛాన్స్ ఉండేది. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్ళు ఒక్కటి ఓడితే ఇంటికే. అంటే వరసగా నాలుగు గెలవాలి. ఆ లీగ్ చరిత్రలో ఏడో స్థానం నుంచి ఎవరూ కప్పు కొట్టలేదు.

మొదటిది పెర్త్‌లో, దేశానికి ఆ చివర, వెస్ట్ కోస్ట్ సొంత గడ్డ మీద. 47 పాయింట్ల తేడాతో గెలిచారు. రెండోది హాథార్న్‌తో, వరసగా మూడేళ్ళు ఛాంపియన్లు. 23 పాయింట్లతో గెలిచారు. మూడోది, అదే, ఏడుసార్లు కాలు విరిగిన ఆ గడప. ఎవరితో? సిడ్నీలో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీతో. తమ కెప్టెన్ వెళ్ళిపోయిన జట్టుతోనే. అక్కడి కెప్టెన్లలో ఒకడైన క్యాలన్ వార్డ్ కూడా పాత బుల్‌డాగే. రాసినా ఎవరూ నమ్మరు ఇలాంటి స్క్రీన్‌ప్లే.

మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ దాదాపు 870 కిలోమీటర్లు. కార్లకి ఎరుపు, తెలుపు, నీలం స్కార్ఫులు కట్టుకుని హైవే పట్టి పోయారు జనం. మ్యాచ్ 89–83. ఒక్క గోల్ తేడా. 55 ఏళ్ళ తర్వాత ఫైనల్. మా పక్కింటాయన ఆ రోజు టమాటా మొక్కల దగ్గరే ఉన్నాడు. లోపల్నుంచి వాళ్ళావిడ అరుపు విని, అది ఏ రకం అరుపో అర్థం కాక, గొట్టం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

2016 అక్టోబర్ 1, శనివారం. ఎంసీజీ. 99,981 మంది. ప్రత్యర్థి సిడ్నీ స్వాన్స్. ఇందాక చెప్పాను చూడండి, 1982లో ఊరు మార్చేసిన సౌత్ మెల్‌బోర్న్ అని, వాళ్ళే వీళ్ళు. తరలిపోయిన జట్టుకీ, కదలనని మొండికేసిన జట్టుకీ ఫైనల్ అన్నమాట. చివరి క్వార్టర్ దాకా ఎటైనా పోవచ్చు అన్నట్టే నడిచింది. మ్యాచ్ ముగిసే ముందు డేల్ మోరిస్, స్వాన్స్ స్టార్ ఫ్రాంక్లిన్‌ని పట్టి పడేశాడు. బంతి జారి టామ్ బాయ్డ్‌కి దొరికింది. 70 లక్షల కుర్రాడు. చాలా దూరం నుంచి తన్నాడు. బంతి ఎగిరి, కిందపడి, దొర్లుకుంటూ, ఖాళీ గోల్ లోపలికి పోయింది. అది దొర్లుతున్నంతసేపూ స్టేడియంలో సగం మంది నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. 89–67. ఆ రోజు బాయ్డ్ 3 గోల్స్ కొట్టాడు. మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడి మెడల్ జేసన్ జోహానిసన్‌కి వచ్చింది, దక్షిణాఫ్రికాలో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చిన పిల్లాడు. జట్టులో టామ్ లిబరటోరే అని ఒకడున్నాడు. అవును, 1997లో గోల్ అనుకుని చేతులెత్తిన లిబరటోరే కొడుకే.

తర్వాత మెడల్స్ ఇస్తున్నారు. కోచ్ బెవరిడ్జ్ మెళ్ళో మెడల్ వేశారు. ఆయన మైక్ దగ్గరికి వచ్చి, బాబ్ మర్ఫీని పైకి రమ్మన్నాడు. మర్ఫీ ఆ రోజు ఆడలేదు కదా. తన మెళ్ళోది తీసి అతని మెళ్ళో వేశాడు. కప్పుని ఆ రోజు కెప్టెన్ ఈస్టన్ వుడ్‌తో కలిసి మర్ఫీ పైకెత్తాడు. మర్ఫీ మొహం చూడండి ఆ వీడియోలో. సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. పదహారేళ్ళు దాటి ఆడినవాడు, ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. మరుసటి ఏడు రిటైర్ అయ్యాడు. ఆయన కోసం జట్టు గెలిచింది, ఆయన లేకుండా గెలిచింది, రెండూ నిజమే.

1954 కోచ్ చార్లీ సట్టన్ 2012లో పోయాడు. నాలుగేళ్ళు ఆగి ఉంటే చూసేవాడు. అలా చూడకుండా పోయినవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరున్నారు. మా పక్కింటాయన మర్నాడు పొద్దున్నే ఒక స్కార్ఫు తీసుకుని వాళ్ళ నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాడు. విట్టెన్ ఓవల్‌లో జనం పట్టనంతగా ఉన్నారు, వెళ్దాం రమ్మంటే, "ముందు అక్కడ చెప్పి రావాలి" అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా బాగుంటుంది. కానీ జట్టు కథలకి శుభం కార్డు పడదు. 2017లో పదో స్థానం, ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. 2018లో మాత్రం వాళ్ళ మహిళల జట్టు కప్పు కొట్టింది, ఫైనల్లో బ్రిస్బేన్ మీద, ఇది చాలామంది మర్చిపోతారు. హీరో టామ్ బాయ్డ్ 2019లో, 23 ఏళ్ళకే, మానసిక ఆరోగ్యం ముఖ్యమని ఆట వదిలేశాడు. అంత డబ్బు ఒప్పందం మధ్యలో వదిలేశాడు. అభిమానులుగా మనం పెట్టే ఆశలు గాల్లో ఉండవు, ఒక 20 ఏళ్ళ కుర్రాడి భుజాల మీద కూర్చుంటాయి. బాయ్డ్ దాని గురించి తర్వాత బహిరంగంగా మాట్లాడాడు, మంచి పని చేశాడు.

2021లో మళ్ళీ ఫైనల్. కరోనా వల్ల పెర్త్‌లో పెట్టారు. ప్రత్యర్థి మెల్‌బోర్న్, 1954లో ఓడించిన జట్టే. వాళ్ళు 57 ఏళ్ళుగా కప్పు లేనివాళ్ళు. మూడో క్వార్టర్‌లో మనవాళ్ళు 19 పాయింట్ల ముందున్నారు. మార్కస్ బొంటెంపెల్లి కెప్టెన్, అద్భుతంగా ఆడుతున్నాడు. అక్కణ్ణుంచి ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు. 140–66. మెల్‌బోర్న్ 74 పాయింట్లతో గెలిచింది. 57 ఏళ్ళ ఎదురుచూపు తీరింది, కానీ అవతలి వాళ్ళది. ఎదురుచూపు ఎలా ఉంటుందో తెలిసిన జట్టు చేతుల మీదుగానే.

నన్ను ఇక్కడి తెలుగువాళ్ళు అడుగుతుంటారు. ఏంటి బ్రో, మనకి క్రికెట్ ఉంది, ఐపీఎల్ ఉంది, ఈ గోల మనకెందుకు? ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాన్ని నేనే నన్ను అడుగుతుంటా. 62 ఏళ్ళు ఏడవని నాకు, డబ్బా పట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబడని నాకు, ఆ గెలుపు మీద ఏం హక్కుంది? ఇది మా పక్కింటాయన్ని సూటిగానే అడిగాను. ఆయన నవ్వాడు. వాళ్ళ నాన్న మాల్టా నుంచి ఓడ దిగినప్పుడు 1954 అప్పటికే అయిపోయిందట. "మా నాన్న కూడా లేటుగానే వచ్చాడు" అన్నాడు.

మా పాప శనివారం పొద్దున పిల్లల కోచింగ్‌కి వెళ్తుంది, ఎరుపు, తెలుపు, నీలం జెర్సీ వేసుకుని. తొమ్మిదేళ్ళు. దాని దృష్టిలో బుల్‌డాగ్స్ అంటే కప్పులు గెలిచే జట్టు, మగవాళ్ళదొకటి, ఆడవాళ్ళదొకటి. 1989 దానికి తెలీదు, 1997 తెలీదు. మ్యాచ్ మొదలవ్వకముందే గట్టిగా "మనమే గెలుస్తాం" అని అరుస్తుంది. గోడ అవతల నుంచి పెద్దాయన "ష్ష్" అంటాడు. అది వినదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫిట్జ్‌రాయ్ చివరి సీజన్, 1996 కథ చెప్తాను. ఉంటా మరి.